గామా ఎక్కడిది నాయనా?

మా రోజుల్లో కాస్మిక్ స్ట్రింగుల మీద పనిచేస్తున్నామంటే ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చేది: ఆ తంతువు తన శక్తిని ఎక్కడ పారబోస్తోంది? చెప్పలేనివాణ్ణి మా గురువుగారు బోర్డు దగ్గర నుంచి కదలనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్ళే కరువయ్యారు. మొన్నీమధ్య ఒక సెమినార్లో ఓ కుర్రాడు తెర మీద రంగురంగుల గీతలు చూపించి, ఫలానా బరువు మించిన తంతువులు విశ్వంలో లేవని తేల్చేశాడు. "గామా విలువ 50 అని పెట్టావు, అది ఎక్కడిది నాయనా?" అని అడిగాను. "కోడ్‌లో డీఫాల్ట్ అదే సార్" అన్నాడు. కుర్రాడు తెలివైనవాడే. లోపం అతనిది కాదు, అతనికి అలా నేర్పినవాళ్ళది. అయినా ఆ జవాబు నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడటం లేదు.

సంగతి తెలియనివాళ్ళ కోసం మొదటినుంచీ చెబుతాను. 1976లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి టామ్ కిబుల్ ఒక పేపర్ రాశారు. ఆయన 1932లో మన మద్రాసులో పుట్టిన మనిషి. తండ్రి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పేపర్లో ఆయన చెప్పింది ఇది. విశ్వం పుట్టిన కొత్తలో ఊహకందని వేడి. అది చల్లబడుతున్నప్పుడు, దాన్ని నిండా పరుచుకుని ఉన్న క్షేత్రం ఎక్కడికక్కడ ఏదో ఒక దిక్కును ఎంచుకోవాలి. అన్ని దిక్కులూ సమానమే. పైగా ఇక్కడి ఎంపిక అక్కడికి తెలియడానికి కాంతికి కూడా వ్యవధి లేదు. అలాంటప్పుడు, ఒక ప్రదేశం చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చేసరికి క్షేత్రం దిక్కు కూడా పూర్తిగా ఒక చుట్టు తిరిగిందనుకోండి, నడిమధ్యలో అది ఎటూ తేల్చుకోలేక పాత వేడి స్థితిలోనే చిక్కుకుపోతుంది. ఆ చిక్కిన చోటు చుక్క కాదు, గీత. అదే తంతువు. దానికి కొస ఉండదు. అనంతంగా సాగిపోవాలి, లేదా తనలో తాను మూసుకుని లూపు కావాలి.

దాని బరువు చెబితే మా ఇంట్లోవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. గ్రాండ్ యూనిఫికేషన్ స్థాయిలో, అంటే మొదటి సెకనులో సుమారు 10⁻³⁵ వంతు గడిచేసరికి పుట్టిన తంతువుకు మందం 10⁻³² మీటరు. అంత సన్నటిది ఒక 55 మీటర్ల ముక్క తీసుకుంటే మన చంద్రుడంత బరువు తూగుతుంది. ఈ బరువును మేం జీ మ్యూ అనే ఒక్క అంకెతో చెప్పుకుంటాం. ఇప్పుడు చెప్పిన తంతువుకు అది 10⁻⁶.

ఇంత బరువైన తంతువులు విశ్వమంతా పరుచుకుని ఏమీ పోగొట్టుకోకుండా ఉంటే, విస్తరణతో మిగతా పదార్థం పలచబడుతుంటే, చివరికి తంతువులే విశ్వాన్ని ఆక్రమించేసేవి. నక్షత్రాలూ ఉండవు, మనమూ ఉండం. అవి ఆక్రమించలేదంటే వాటి శక్తి ఏదో దారిన బయటికి పోయి ఉండాలి. రెండు తంతువులు ఒకదాన్నొకటి దాటితే అక్కడ తెగి, తెగిన కొసలు మార్చుకుని అతుక్కుంటాయి. ఒకటే తంతువు తనను తాను దాటితే ఒక లూపు తెగి విడిపోతుంది. ఆ లూపు ఇంచుమించు కాంతి వేగంతో ఊగుతూ, ఊగే కొద్దీ వికిరణం వెదజల్లుతూ, కుంచించుకుపోయి మాయమవుతుంది. కనుక తంతువుల వికిరణం అనేది ఈ సిద్ధాంతానికి తోక కాదు, వెన్నెముక. అందుకే మా గురువుగారు దాని దగ్గరే మమ్మల్ని నిలబెట్టేవారు.

ఆ వికిరణం గురుత్వ తరంగాలుగా పోతుందని 1981లో చెప్పినవారు అలెక్సాండర్ విలెంకిన్. సోవియట్ దేశంలో ఉండగా ఖార్కివ్ జూలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ భౌతికశాస్త్రం సాగించిన మనిషి ఆయన. తర్వాత అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1985లో అక్కడే తన్మయ్ వాచస్పతి, ఆయన కలిసి లూపు ఎంత శక్తి వెదజల్లుతుందో లెక్కగట్టారు. వాచస్పతి పేరు ఫిజికల్ రివ్యూలో చూసి మా గదిలో ఎంత సంబరపడ్డామో! ఆ సంచిక కూడా ఊరికే చేతికి రాలేదు. ఓడ మీద వచ్చేది, నెలలు పట్టేది. అంత ఆగలేని వాళ్ళం అచ్చువేసిన రీప్రింట్ కార్డు మీద సంతకం చేసి ఎయిర్ మెయిల్లో పడేసేవాళ్ళం. రచయిత దయతలిచి పంపిస్తే, ఆ నాలుగు కాగితాలు గదిలో అందరి చేతులూ తిరిగి, మడతల దగ్గర చిరిగి, టేపులు వేయించుకునేవి. ఒక్క పేపర్‌తో మాకు ఒక ఋతువు గడిచేది. అంతకాలం ఒకదానితోనే ఉంటే అందులో రచయిత ఏది నిరూపించాడు, ఏది ఊహించాడు, ఏది వదిలేశాడు అన్నీ కళ్ళకు కట్టేవి.

ఆ లెక్కలో ఒక అందం ఉంది. లూపు వెదజల్లే శక్తి దాని పొడవు మీద ఆధారపడదు. చిన్నదైనా పెద్దదైనా సెకనుకు అంతే. జీ మ్యూ 10⁻⁶ అయితే ఒక్కొక్క లూపు దాదాపు 47 కోట్ల కోట్ల సూర్యులకు సమానంగా గురుత్వ తరంగాలను వెదజల్లుతుంది. 10⁻¹⁰ అయినా సరే, 5 కోట్ల సూర్యులకు కాస్త తక్కువ. ఆ సూత్రంలో ముందు నిలబడే గుణకమే గామా. లూపు ఆకారాన్ని బట్టి ఎక్కువగా 50కీ 100కీ మధ్య ఉంటుంది. లూపు ఆయుష్షును నిర్ణయించేది ఇదే. గామా 50 అనుకుంటే, జీ మ్యూ 10⁻⁶ ఉన్న ఒక కాంతి సంవత్సరపు లూపు 20 వేల ఏళ్ళు బతుకుతుంది; 10⁻¹⁰ అయితే 20 కోట్ల ఏళ్ళు.

ఈ గామాను మేం చేత్తో తీసేవాళ్ళం. లూపు ఆకారాన్ని సైన్, కొసైన్‌లతో రాసుకుని, ఒక్కో హార్మోనిక్‌లో ఎంత శక్తి పోతోందో బెసెల్ ఫంక్షన్ల పట్టికలు ముందేసుకుని కట్టేవాళ్ళం. మధ్యలో తంతువు మీది కస్ప్ అడ్డం వచ్చేది. చర్నాకోల విదిలిస్తే కొస ఛళ్ళుమంటుంది చూడండి, అలా లూపు మీద ఒక బిందువు ప్రతి ఊపులోనూ క్షణకాలం కాంతి వేగాన్ని అందుకుంటుంది. అది ఉన్నచోట హార్మోనిక్ సంఖ్య పెరిగినా శక్తి తొందరగా తగ్గదు, మైనస్ 4/3 ఘాతంలో నింపాదిగా తగ్గుతుంది. ఆ లెక్కన వంద హార్మోనిక్‌లు కూడినా మొత్తంలో ఐదో వంతుకు కాస్త తక్కువ ఇంకా బయటే మిగిలిపోతుంది. మొదటి హార్మోనిక్ ఒక్కటి పెట్టి సరిపెడితే ముప్పావు వంతు దాకా పోయినట్టే. ఇది మాకు పుస్తకం చెప్పలేదు. రాత్రి కంప్యూటర్ సెంటర్లో పంచ్ కార్డుల కట్ట ఇచ్చి, పొద్దున్నే వెళ్ళి కాగితాలు తెచ్చుకుని, ఇంకా కలవలేదే అని మళ్ళీ కార్డులు గుద్దితే వేళ్ళకు తెలిసింది. ఇప్పుడు ఆ సంఖ్య ఒక ఫైల్లో తయారుగా కూర్చుని ఉంటోంది. దాన్ని వాడటం తప్పని నేననను. అది ఏ లూపుకు వచ్చింది, ఏమేం వదిలేస్తే వచ్చింది తెలియకుండా వాడటం తప్పు.

అప్పట్లో మా ఆశలు కూడా పెద్దవి. గెలాక్సీలకు విత్తనాలు ఈ తంతువులేనని జెల్డోవిచ్, విలెంకిన్ అన్నారు. నమ్మాం. 1992లో కోబే ఉపగ్రహం, ఆ తొలి వేడి మిగిల్చిన నేపథ్య వికిరణంలో ఎగుడుదిగుళ్ళు చూపించింది. ఆ తర్వాత 2000లో బూమరాంగ్ బెలూన్, 2003లో డబ్ల్యూమ్యాప్ వాటి శిఖరాలను స్పష్టంగా కొలిచాయి. ఆ శిఖరాలు తంతువుల వల్ల వచ్చే రకం కావు. విత్తనాలు వేరే. ప్లాంక్ ఉపగ్రహం వచ్చేసరికి జీ మ్యూ 10⁻⁷ చుట్టుపక్కలకు మించకూడదని తేలింది. చాలామంది బల్లలు సర్దుకుని వేరే రంగాలకు వెళ్ళిపోయారు. ఆ ఓటమిలో నాకు ఫిర్యాదు లేదు. అడిగిన ప్రశ్న స్పష్టం, వచ్చిన జవాబు స్పష్టం. నేపుల్స్‌లోని కపోడిమోంటే అబ్జర్వేటరీ వాళ్ళు, మాస్కో వాళ్ళు కలిసి 2003లో ప్రకటించిన సీఎస్ఎల్-1 సంగతీ అంతే. అచ్చు ఒకే పోలికతో పక్కపక్కన రెండు గెలాక్సీ బొమ్మలు. మధ్యలో తంతువు ఉండి ఒకే గెలాక్సీ రెండుగా కనబడుతోందేమో అన్నారు. 2006లో హబుల్ చూసి, అవి రెండూ వేర్వేరు గెలాక్సీలని తేల్చింది. అందరూ ఒప్పుకున్నారు. అదీ పద్ధతి.

అసలు తగాదా ఇంకొకటి ఉంది, దాన్నే ఇప్పటివాళ్ళు చాప కిందకు తోసేస్తున్నారు. 1998లో మార్క్ హిండ్‌మార్ష్, ఆయన సహచరులు తంతువును మందం లేని గీతగా కాకుండా, అసలు క్షేత్రంగానే కంప్యూటర్లో పెట్టి చూశారు. మేం లెక్కకట్టిన పొడవాటి, దీర్ఘాయుష్షు లూపులు వాళ్ళకు కనిపించలేదు. తంతువుల శక్తి గురుత్వ తరంగాలుగా కాక నేరుగా భారీ కణాలుగా కరిగిపోతోందన్నారు. ఇది చిన్న మాట కాదు. లూపులు బతికితేనే గురుత్వ తరంగాలు. ముందే కణాలుగా కరిగితే ఆకాశంలో మోత వినిపించదు, కాస్మిక్ కిరణాల్లోనో గామా కిరణాల్లోనో జాడ వెతుక్కోవాలి.

మందం లేని గీత వైపు వాళ్ళ జవాబు కూడా గట్టిదే. కంప్యూటర్లో పెట్టిన పెట్టె ఎంత పెద్దది? హిండ్‌మార్ష్ వాళ్ళు పక్కకు 4096 గళ్ళ దాకా వెళ్ళారు, అది గొప్ప పనే. కానీ ఒక కాంతి సంవత్సరపు లూపుకూ దాని మందానికీ నిష్పత్తి 10⁴⁸. వేలల్లో కనిపించింది అంత దూరానికి వర్తిస్తుందా? 2019లో వాచస్పతి, మరి ముగ్గురు కలిసి, లూపులను విడిగా తయారుచేసి క్షేత్రంగానే వదిలి చూశారు. కణాలుగా కరగడానికి పట్టే కాలం పొడవు వర్గంతో పెరుగుతోంది కనుక పెద్ద లూపుల్లో గురుత్వ తరంగాలదే పైచేయి అన్నారు. 1985లో మొదటి లెక్క కట్టిన మనిషి, 34 ఏళ్ళ తర్వాత అదే లూపును పట్టుకుని మళ్ళీ అడిగాడు చూడండి, నీ శక్తి ఎటు పోతోందని! నాకు ఒళ్ళు పులకరించింది. 2021లో హిండ్‌మార్ష్ బృందం మళ్ళీ వచ్చింది: అలా చేత్తో తయారుచేసిన లూపులు వేరు, తంతువుల గుంపులోంచి సహజంగా తెగిన లూపులు వేరు, ఇవి పొడవుకు తగినంత కాలంలోనే కరిగిపోతున్నాయి, అని. తగాదా తీరలేదు. ఒక లూపు కస్ప్ దగ్గర తన మీద తానే మడతపడి కణాలుగా ఆవిరవుతుందని బ్రాండెన్‌బర్గర్ 1987లోనే అన్నారు. ఆ ముక్క కూడా చదవని పిల్లలు ఇప్పుడు కస్పుల నుంచి వచ్చే తరంగాల గీతలు గీస్తున్నారు.

ఈ తగాదా తీరకపోతే ఏమవుతుందో ఒక్క అంకెతో చెబుతాను. గురుత్వ తరంగాలే దారి అనుకుంటే, పల్సార్ల, అంటే గడియారంలా క్రమం తప్పక టిక్కుమనే నక్షత్రాల, కొలతలను బట్టి జీ మ్యూ 10⁻¹⁰ చుట్టుపక్కలకు మించకూడదు. కణాలే దారి అనుకుంటే ఆ హద్దు చెల్లదు, నేపథ్య వికిరణం చెప్పిన 10⁻⁷ దగ్గరికి వెనక్కి రావాలి. వెయ్యి రెట్ల తేడా. పుట్టుక నాటి శక్తి స్థాయిలో చెప్పాలంటే ముప్పై రెట్లు. ఏ వేడి దగ్గర ప్రకృతి సౌష్ఠవం విరిగిందో తెలుసుకోవడానికి కదా ఇంత కష్టం? వెయ్యి రెట్లు అటూ ఇటూ కదిలే హద్దును, ఏ షరతు మీద వచ్చిందో చెప్పకుండా, సారాంశంలో మొదటి వాక్యంగా రాస్తున్నారు. మా రోజుల్లో రిఫరీ అలాంటి పేపర్‌ను వెనక్కి కొట్టేవాడు. కొట్టాలి కూడా.

2020 సెప్టెంబరులో అమెరికా, కెనడాల నానోగ్రావ్ బృందం 12.5 ఏళ్ళ పల్సార్ కొలతల్లో ఒక ఉమ్మడి రొద కనబడుతోందని చెప్పింది. గురుత్వ తరంగాలని అనలేదు. ఆ మాట అనడానికి కావాల్సిన సాక్ష్యం ఇంకా దొరకలేదని స్పష్టంగా చెప్పింది. వారం తిరక్కముందే ఇది కాస్మిక్ స్ట్రింగుల మోతే కావచ్చంటూ పేపర్లు వచ్చాయి. వారంలో! 2023 జూన్‌లో 67 పల్సార్లతో అసలు సాక్ష్యం వచ్చింది. ఆకాశంలో పల్సార్ జంటల మధ్య కోణాన్ని బట్టి ఉండాల్సిన సంబంధం, హెల్లింగ్స్, డౌన్స్ 1983లో గీసిన ఆ వంపు, కనిపించింది. అప్పుడు చూస్తే ఏమైంది? మామూలు తంతువుల గీత ఆ కొలతలకు సరిగ్గా కూర్చోలేదు, వాలు సరిపోలేదు. జంట భారీ కృష్ణబిలాలే ముందు వరుసలో నిలిచాయి. సూపర్‌స్ట్రింగ్ రకం తంతువులు, అంటే దాటినప్పుడల్లా కొసలు మార్చుకోనివి, ఇంకా పోటీలో ఉన్నాయి. ఆ మూడేళ్ళు ఆగి, ఈలోగా లూపు కరుగుతుందా మోగుతుందా అని ఆ పేపర్లు రాసినవాళ్ళలో ఒక్కరు లెక్క కట్టినా ఆ గుట్ట కంటే మేలు జరిగేది.

పల్సార్ వాళ్ళ మీద మాత్రం నాకు పిసరంత ఫిర్యాదు లేదు. ఈ రంగంలో మా రోజుల ఓపిక మిగిలి ఉందంటే అది వాళ్ళ దగ్గరే. పూణే దాటి ఖోడాడ్ పొలాల మధ్య గోవింద్ స్వరూప్ గారు నిలబెట్టిన జీఎంఆర్‌టీలో 30 డిష్‌లు, ఒక్కొక్కటి 45 మీటర్లు. వాటితో పల్సార్ల టిక్కులను ఏళ్ళ తరబడి లెక్కపెడుతున్న భారతీయ బృందం యూరప్ బృందంతో కలిసి 2023లో తన మాట చెప్పింది. 25 పల్సార్లు. ఆ భారతీయ బృందంలో మన సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ వాళ్ళూ ఉన్నారు. దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల సంకేతం ఎంత ఆలస్యమైందో తీసేయకుండా వాళ్ళు ఒక్క అంకె బయట పెట్టరు. ప్రతి టిక్కు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో అడిగితే చెప్పగలరు. సిద్ధాంతం చేసే పిల్లల దగ్గర నేను అడుగుతున్నది అంతే.

ఆక్సియాన్ తంతువుల కథ కూడా ఇలాగే నలుగుతోంది. అక్కడ గురుత్వ తరంగాల గొడవ లేదు. ఆ తంతువులు ఆక్సియాన్ కణాలనే వెదజల్లుతాయి, ఆ కణాలే కృష్ణపదార్థం కావచ్చు. 1986లో డేవిస్ ఒక వర్ణపటం చెప్పారు, 1987లో హరారి, సికివీ కాదన్నారు. ఎవరిది నిజమన్నదాన్ని బట్టి ఆక్సియాన్ బరువు మారిపోతుంది, సియాటెల్‌లో ఆక్సియాన్ల కోసం వెతికే ఏడీఎంఎక్స్ వాళ్ళు తమ రేడియో పెట్టెను ఏ పౌనఃపున్యానికి తిప్పాలో మారిపోతుంది. ఈ తరం వాళ్ళు పెద్ద పెద్ద యంత్రాల మీద మళ్ళీ లెక్కకట్టారు. మళ్ళీ రెండు వర్గాలే. కానీ ఇక్కడ కనీసం గొడవ పడుతున్నారు. వర్ణపటం వాలు ఎంత అని పేపరు మీద పేపరు రాసుకుంటున్నారు. గురుత్వ తరంగాల వైపు అంత గొడవ కూడా లేదు, డీఫాల్ట్ ఉంది.

యూరోపియన్ అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో లీసాకు ఆమోదముద్ర వేసింది. 25 లక్షల కిలోమీటర్ల ఎడంతో మూడు నౌకలు సూర్యుని చుట్టూ తిరుగుతూ గురుత్వ తరంగాలు వింటాయి. ప్రయోగం 2035 ప్రాంతంలో. లూపులు మేం అనుకున్నట్టు బతికితే జీ మ్యూ 10⁻¹⁷ దాకా వినిపిస్తుందని చెబుతున్నారు. వినిపిస్తే సరే. వినిపించకపోతే? తంతువులు లేవని రాయాలా, ఉన్నాయి గానీ కరిగిపోయాయని రాయాలా? ఇప్పుడున్న లెక్కలతో రెండూ రాయవచ్చు. నౌకలు ఎగరడానికి ముందే ఈ లెక్క తేలాలి. దీనికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. పంచ్ కార్డులతో మేం కలలో కూడా చూడని యంత్రాలు ఇవాళ దేశంలోనే ఉన్నాయి. కావాల్సింది ఒక్క లూపు మీద ఐదేళ్ళు కూర్చునే మనిషి, ఏడాదికి ఐదు పేపర్లు అడగకుండా ఆ మనిషికి జీతం ఇచ్చే శాఖ.